గోడవైపు చోటు

సహోదరీ సహోదరులారా, మా ఆయన్ని ప్రభువు పిలుచుకున్న ఏడాది వేసవిలో నేను పగలే తలుపులు వేసుకుని ఆయన పడుకునే చోట పడుకుని ఉండేదాన్ని, పొయ్యి వెలిగించేదాన్ని కాను, ఎవరైనా తలుపు తడితే పలికేదాన్ని కాను, అంత చీకటిలో ఉన్నదాన్ని ఈ రోజు మీకు సాక్ష్యం చెప్పుకునేలా చేశాడు దేవుడు, ఆయనకే మహిమ! నాకు రాయడం సరిగా రాదు. నేను చెప్తూంటే మా కోడలు మేరీ రాస్తోంది. అక్షరాలు బాగుంటే అది దాని గొప్ప, మాటల్లో తప్పుంటే నాది.

మాది పార్వతీపురం వైపు. మా ఆయన ఈ భిలాయి ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశారు. ఆ బొగ్గు బట్టీల వేడిలో నైట్ షిఫ్టు చేసి పొద్దున్న ఇంటికొస్తే చొక్కా మీద చెమట ఆరిపోయి ఉప్పు చారలు తేలేవి. ఇక్కడి ఎండ సంగతి మీకు తెలుసు. క్వార్టరులో ఉన్నప్పుడే ఆయన ఇనప రేకు తెచ్చి, తన చేత్తో కత్తిరించి, మూడు పక్కలా గడ్డి బిగించి కూలరు చేశారు. రిటైరై స్మృతి నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని మారినప్పుడు అన్ని సామాన్లకంటే ముందు దాన్నే రిక్షా ఎక్కించారు. కిటికీలో కూలరు, కిటికీ కింద మంచం, కూలరు పక్క ఆయన, గోడవైపు నేను. చల్లదనమంతా ఆయనే తీసుకుంటున్నారని నేను రోజూ ఆడిపోసుకునేదాన్ని. "ఏటండీ, బట్టీ కాడ మాడింది మీరొక్కరేనా, పొయ్యి కాడ మాడే నాకు గాలి అక్కర్లేదేటి?" అనేదాన్ని. ఆయన నవ్వేసి అటు తిరిగి పడుకునేవారు.

ఆయన్ని పెట్టెలో పెట్టి తీసుకెళ్లిపోయిన మర్నాడు మధ్యాహ్నం నేను గోడవైపు పడుకోలేకపోయాను. లేచి ఆయన చోటికి జరిగాను. దిండులో ఆయన తల పెట్టుకున్న గుంట అలాగే ఉంది, ఆయన చేసిన కూలరు గాలి ముఖాన తగులుతోంది, ఆయనే ఊదుతున్నట్టుంది. ఇక అదే నా చోటైపోయింది.

ఆ తరవాత కొన్నాళ్లకు కళ్లు మంటలు మొదలయ్యాయి. రెండూ మండేవి, ఎడమది మరీ ఎక్కువ. ఇసుక పోసి రెప్ప మూసినట్టుండేది, నిద్ర లేచేసరికి రెప్ప కనుగుడ్డుకి అతుక్కుపోయి ఉండేది, వేలితో మెల్లగా విడదీసుకోవాలి, కాసేపటికి ఎడమ కంటి నుంచి ఒకటే నీళ్లు. వానాకాలంలో కొంచెం నయం, మళ్లీ హోలీ పండగ దాటి కూలరు వేస్తే మొదలు. ప్లాంటు దుమ్మేలే అనుకుని రెండేళ్లు ఊరుకున్నాను.

ఇక్కడ ఒక పాపం ఒప్పుకోవాలి. శుక్రవారం స్త్రీల కూడికలో నా చోటు సరిగ్గా ఫ్యాను కింద. ప్రార్థన మొదలవగానే ఎడమ కన్ను ధారగా కారేది. అది చూసి సహోదరీలు నాది కన్నీటి ప్రార్థన అనీ, పరుల కోసం ప్రార్థన భారం మోసే తల్లి అనీ చెప్పుకున్నారు. కూతురికి సంబంధం కుదరలేదని ఒకరు, కొడుక్కి పని దొరకలేదని ఒకరు వచ్చి నా చేత ప్రార్థన చేయించుకునేవారు. అది దుఃఖం కాదు, కంటిమంట అని నాకు తెలుసు, తెలిసీ చెప్పలేదు. విధవరాలినని మనుషులు దూరం దూరంగా ఉన్న రోజుల్లో వాళ్లు అలా నా పక్కకొచ్చి కూర్చుంటే నాకు బాగుండేది. ఒక్క మా సుగుణక్క మాత్రం నమ్మలేదు. ఆవిడ క్వార్టరు రోజుల నుంచీ నా పక్కింటి మనిషి, నోరు ఊరుకోదు. "ఏటే, నీ కుడి కంటికి దుఃఖం లేదేటి? ఎడం కంటికే కుళాయి పెట్టించుకున్నావు?" అంది. నాకు కోపం వచ్చి రెండు వారాలు ఆవిడతో మాట్లాడలేదు.

మూడో ఏడు ఎండాకాలానికి ఎడమ కంట్లో మసక వచ్చింది. సంఘంలో పాస్టరు అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె ఇంట్లో ఉంది. అయ్యగారు నుదుటికి రాసుకోమన్నారు, నేను కంట్లో పోసుకున్నాను. విశ్వాసం ఎక్కువైందో, బుద్ధి తక్కువైందో! తెల్లారేసరికి కన్ను వాచిపోయింది. మేరీ నన్ను తిట్టుకుంటూ రిక్షాలో కూర్చోబెట్టి కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ కంట్లో పచ్చరంగు మందు వేసి, నీలం దీపం పెట్టి చూసి, కన్ను ఎండిపోయిందని హిందీలో చెప్పింది. ధారగా కారే కన్ను ఎండిపోవడమేమిటని నేను పోట్లాడాను. కన్ను తడిగా ఉంచే నీరు వేరమ్మా, ఆ తడి ఆరిపోతే కన్ను మండుతుంది, మండితే ఒళ్లు ఒక్కసారి నీళ్లు కుమ్మరిస్తుంది, అవి కారిపోతాయేగాని కంటిమీద నిలవవు అని ఓపిగ్గా చెప్పింది. ఇది పోయే జబ్బు కాదు, కాపాడుకునే జబ్బు, రోజూ చుక్కలు వేసుకుంటూ ఉండాలంది. ఎడమ కంటిమీద గీతలు పడ్డాయనీ, ఇలాగే వదిలేస్తే పువ్వు వేసి చూపు పోతుందనీ చెప్పింది. మరి ఎడమదే ఎందుకింత చెడిందని తనలో తానే అనుకుని, ఏ పక్క పడుకుంటారమ్మా అని అడిగింది. నేను నోరు తెరవకముందే మేరీ "కూలర్ కే సామ్‌నే, డాక్టర్ సాబ్, దిన్ భర్" అనేసింది. రోజంతా కూలరుకి ఎదురుగానే అని. ఈ రోజు నుంచి ఆ చోట పడుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

సహోదరులారా, చుక్కలు వేసుకున్నాను గాని ఆ చోటు వదల్లేదు. మా అబ్బాయికి నందిని ఊరి సున్నపురాయి గనుల్లో డ్యూటీ, వారానికోసారి వస్తాడు, వాడొచ్చి బతిమాలాడు. కన్ను పోతే పోనీ, నేను లేవను అన్నాను. ఐదో రోజు మధ్యాహ్నం మేరీ చుక్కలు వేస్తూ మంచం అంచున కూర్చుని "అత్తమ్మా, మామయ్య ఒక్క రోజైనా మిమ్మల్ని ఈ పక్క పడుకోనిచ్చారా?" అని మామూలుగా అడిగింది. ఎక్కడిచ్చారే, చల్లదనమంతా తనకే కావాలిగా, అని నేను విసుక్కున్నాను. అది లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది.

అప్పుడు నేను పైకి చూసి "ప్రభువా, మనిషిని తీసుకున్నావు, ఊరుకున్నాను. ఇప్పుడు ఆయన చోటు కూడా తీసుకుంటావేటి? ఇది నేనివ్వను. కావాలంటే నా కన్ను తీసుకో" అని ప్రార్థించాను. ప్రార్థనా అది, తగువు! కాని ఆ తగువు మధ్యలోనే దేవుడు నాకొక రోజు గుర్తుచేశాడు. కూలరు చేసిన మొదటి వేసవి అది. ఆయన డ్యూటీకి వెళ్తే ఆయన చోట పడుకుని నిద్రపోయాను. లేచేసరికి ఎడమ కన్ను మిరపపండులా ఉంది. ఆయన వచ్చి చూసి, తువ్వాలు తడిపి నా కంటి మీద వేసి, "నీకీ గాలి పడదే. నువ్వు గోడవైపుండు, నేనిటు పడుకుంటాను" అన్నారు. అంతే. ఆ తరవాత ఏ వేసవిలోనూ ఆ పక్క నాకు ఇవ్వలేదు, ఎందుకివ్వలేదో మళ్లీ ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను మరిచిపోయాను. అన్నేళ్లు నాకూ ఆ గాలికీ మధ్యన అడ్డంగా పడుకున్న మనిషిని అన్నేళ్లూ ఆడిపోసుకున్నాను! ఆయన దేని నుంచి నన్ను కాపాడారో సరిగ్గా అందులోనే ఆయన మీద ప్రేమతో వెళ్లి పడుకున్నాను.

నాకు ఏడుపొచ్చింది. మేరీ పరుగెత్తుకొచ్చింది. నేను చేత్తో తడుముకుని చూసుకున్నాను, కుడి కన్ను కూడా తడిసింది. ఆయన పోయాక అదే మొదటిసారి. ఆ రోజే గోడవైపుకి జరిగాను. మేరీ కూలరు పలకలు కాళ్లవైపు తిప్పింది.

ఆ శుక్రవారం కూడికలో లేచి నా కన్నీటి ప్రార్థన సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. సుగుణక్కే వచ్చి నన్ను పక్కకి జరిపి "పోనీలేవే, ఇక ఆ ఫ్యాను కింద చోటు నాకిచ్చేయ్" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నా కన్ను పూర్తిగా బాగైపోయిందని చెప్తే అబద్ధం అవుతుంది. గీతలు మానాయి, మసక పోయిందని డాక్టరమ్మ చెప్పింది, దేవునికి స్తోత్రం! కాని ఇప్పటికీ రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేసుకుంటాను, వేడి గాలి వీస్తే ఎడమది ముందు మండుతుంది. మన కన్నీళ్లు దేవుడు బుడ్డిలో దాచుకుంటాడని అయ్యగారు చెప్తూంటారు. నాకైతే దేవుడు కన్నీళ్లని ఈ చుక్కల మందు బుడ్డిలో పోసి ఇచ్చాడు, అందుకూ వందనాలే.

మీలో ఎవరైనా నాలాగే, పోయినవారి చోట పడుకుని ఎండిపోతూ ఉంటే, అమ్మా, అయ్యా, లేచి రండి. మీకు అడ్డంగా నిలిచిన మనిషి వెళ్లిపోయి ఉండవచ్చు, ఆ మనిషిని నిలబెట్టిన దేవుడు వెళ్లిపోలేదు. ఆయన్ని నమ్మండి, తగువులాడైనా సరే ఆయనతోనే మాట్లాడండి. ఇప్పుడు మా ఇంట్లో గోడవైపు నేను పడుకుంటాను. కూలరు పక్క చోటులో ఎవరూ పడుకోరు, కాని అది ఖాళీగా ఉందని నేను ఎవరితోనూ అనను. ఆమెన్.