నీడలు గీసిన పత్తి మిల్లు

కడపలో నేను పాఠాలు చెప్పే కళాశాల ముందు నుంచి పత్తి లారీ పోయినప్పుడల్లా ఆ పొడి వాసన తరగతి గదిలోకి వస్తుంది. చెబుతున్నది ఆపి కాసేపు కిటికీ దగ్గర నిలబడతాను. సావిత్రి మేడం గుర్తొస్తారు.

ఆదోనిలో నాకు డ్రాయింగు నేర్పింది ఆమే. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, మూతపడిన పత్తి మిల్లును కూల్చేస్తారని తెలిసి, అందులో ఒక ప్రదర్శన పెడతానని యజమానిని బతిమాలి ఒక్క నెల గడువు తీసుకున్నారు. సాయానికి రమ్మంటే వెళ్లాను. లోపల ఒక్క పటమూ తగిలించలేదు. పడమటి కిటికీల మురికి కడిగించి, ఎదుటి గోడకు సున్నం కొట్టించారు. సాయంత్రం ఎండ లోపలికి రాగానే, చూడ్డానికి వచ్చిన పాత కార్మికులను ఒకప్పుడు తాము పనిచేసిన చోట నిలబడమనేవారు. గోడ మీద పడిన నీడ చుట్టూ ఇంకొకరు బొగ్గుతో గీయాలి. అంతే. బొమ్మలు యాడుండాయని ఒక పెద్దాయన వెతుక్కుంటుంటే, "నువ్వు నిలబడితే వస్తాయప్పా" అన్నారు.

మా అమ్మ ఆ మిల్లులో పదిహేనేళ్లు పత్తిలో చెత్త ఏరింది. మిల్లు మూసేసిన రోజు ఎవరూ ఒక్క మాటైనా చెప్పకపోతే, పొద్దు గూకేదాకా గేటు ముందర నిలబడి ఇంటికి వచ్చింది. మళ్లీ ఆ గేటు దాటి లోపలికి పోనంది. నేను రమ్మని పోరుతున్నానని తెలిసి మేడం నన్ను కోప్పడ్డారు. బుద్ధి పుట్టినప్పుడు ఆమే వస్తుంది, రాకపోతే అదీ ఆమె ఇష్టమే అన్నారు.

ఆఖరి రోజు సాయంత్రం అమ్మ వచ్చింది. ఎవరినీ అడగకుండా మూడో కిటికీ దగ్గరికి నడిచి, నడుము వంచి నిలబడింది. నేను బొగ్గు తీసుకుని గీశాను.

"అట్ల వంగినావేమ్మా?"

"ఈడ నేను ఎప్పుడన్నా నిటారుగా నిలబడింటినా?"

మేడం మెల్లగా, "ఇప్పుడు నిలబడక్కా. నిన్ను ఎవురూ ఏమనరు" అన్నారు.

అమ్మ నిలబడింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, శానా నిదానంగా. వంగిన నీడ పక్కనే నిటారు నీడ గీశాను. అమ్మ దగ్గరికొచ్చి రెండోదాన్ని అరచేత్తో తాకి బయటికి వెళ్లిపోయింది.

గోడ నిండా మనుషులు. మేడం ఒక్కరే లేరు. మీరూ నిలబడండి అన్నాను. ఆమె కిటికీ వైపు చూసి, "ఎండ పోయింది కదమ్మా" అని నవ్వారు. మర్నాడు పొద్దున్నే గోడను పడగొట్టారు.

పోయిన ఏడాది మేడం చనిపోయారు. ఇప్పుడు నేను ఏ పాత కట్టడంలో ఇలాంటి పని మొదలుపెట్టినా, సాయానికి వచ్చినవాళ్లనే ముందు నిలబెట్టి గీయిస్తాను. ఆమె ఎలా ఉండేవారని పిల్లలు అడుగుతారు. ముఖం గీసి చూపిస్తాను. కళ్లద్దాలు, చెంప మీది మచ్చ, అన్నీ వస్తాయి. ఆ గోడ మీద ఆమె నీడ ఎంత మేర పడేదో మాత్రం చూపించలేను.