మైకు బూరలోని గూడు

నోరిచ్చిన నారాయణుడికి నమస్కారం. పుట్టబోయే పిల్లకు ముందుగానే మెత్తటి చోటు చూపించేవాడు, రెక్క రాని దానికి నోటిదాకా ఆహారం చేర్చేవాడు, తప్పు చేసినవాడికి కూడా మరుసటి ఉదయం వెలుతురు ఆపనివాడు ఆయనే. ఆయన పేరు ముందు పెట్టుకోకుండా ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఎనభైల చివర్లో నేను ఆర్మూర్‌లో ఒక పసుపు కమీషన్ దుకాణంలో గుమాస్తాను. పగలంతా బస్తాలు, చీటీలు. శనివారం సాయంత్రాలు భజన మందిరం. చిన్నప్పటి నుంచి అక్కడి పెద్దల పక్కన కూర్చుని పురాణం చదవడం నేర్చుకున్నాను. పద్యం రాగం తీసి చదివి, అర్థం చెప్పేవాణ్ణి. పాతికేళ్లు వచ్చేసరికి చైత్రంలో ఏడు రోజులు జరిగే పురాణ పఠనం నాకే అప్పగించారు. గొంతు బాగుంటుందని అందరూ అనేవారు. నేనూ అనుకునేవాణ్ణి.

మందిరం డాబా మీద ఒక ఇనుప పైపుకు రెండు మైకు బూరలు బిగించి ఉండేవి. ఒకటి వీధి వైపు, ఇంకొకటి మార్కెట్ యార్డు వైపు. చైత్రమంటే యార్డులో పసుపు రాశులు నిండుగా ఉండే కాలం. ఎక్కడెక్కడి రైతులో వచ్చి బండ్ల నీడన కూర్చుని ఉండేవారు. నా గొంతు వాళ్లందరి చెవుల్లో పడుతుందన్న ఊహ నాకు ఎంత తీపిగా ఉండేదో ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది.

ఆ సంవత్సరం పఠనానికి నాలుగు రోజుల ముందు మైకు వేసి చూశాం. వీధి బూర ఖంగుమంది. మార్కెట్ బూర మాత్రం మూతికి దుప్పటి కట్టినట్టు మూలిగింది. డాబా ఎక్కి చూస్తే బూర లోపల ఎండుగడ్డి, సుతిలి తాడు పోగులు, దూది, కోడి ఈకలు. ఊరపిచ్చుకల గూడు. లోపలి నుంచి సన్నగా పిల్లల అరుపు.

మందిరం ఊడ్చే అవ్వ మెట్ల మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మందిరం వసారాలోనే ఆమె ఉండేది. ఆమెకంటూ ఒక బూడిదరంగు పిల్లి తప్ప ఎవరూ లేరు. భీమ్‌గల్ దిక్కున ఒక చెల్లెలుందని మాత్రం అనేది.

"దాన్ని ముట్టకు బిడ్డా," అంది, నేను దిగీ దిగకముందే. "నేను మొదటి సంది చూస్తనే ఉన్న. మెడ కింద నల్లగ ఉంటది చూడు, అది మగది. ముందుగాల అదొచ్చి బూరను పట్టింది. మూతి మీద కూసొని ఒకటే పిలుసుడు. ఆడది వచ్చుడు, లోపలికి పోయి చూసుడు, నచ్చనట్టు బయటికొచ్చుడు, మల్ల పోయి చూసుడు. మన పెండ్లి చూపులల్ల పిల్ల తల్లి గూడ గన్ని వంకలు పెట్టదు."

నేను నవ్వాను.

"ఒప్పుకున్నంక రెండూ కలిసి పుల్లలు మోసినయ్. నా చీపురు సగం గా బూరల్నే ఉంది. పన్నెండు దినాలు పొదిగినయ్. తాము తినేది గింజలే గానీ, పిల్లలకు మాత్రం మెత్తటి పురుగులే తెస్తయ్. పొద్దుగూకే దాక తిరుగుడే. పిల్లలై ఎనిమిది దినాలైంది. ఇంకో వారం ఆగితే ఎగిరిపోతయ్. వారమే బిడ్డా."

"వారం ఆగితే పఠనం సగం అయిపోతది అవ్వా."

"ఒక్క బూరతోని చదువు. దేవునికి రెండు చెవులల్ల వినపడాల్నా?"

ఆమె చెప్పింది న్యాయమే. సరే అని తలూపాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. మందిరంలో ఎవరూ లేరు. నేను ఒక వెదురు కర్రకు తీగ కొక్కెం కట్టి డాబా ఎక్కాను. గూడు ఒక్క ముద్దగా ఊడి వచ్చింది. నాలుగు పిల్లలు. అప్పుడప్పుడే ఈకల మొనలు పొడుస్తున్నాయి. పడ్డచోటే రెండు పోయాయి. మిగిలిన రెండూ నేనే తల్లినన్నట్టు పసుపుపచ్చ అంచుల నోళ్లు నా వైపు తెరిచాయి. వాటిని ఒక పాత చాటలో గడ్డి వేసి పిట్టగోడ మీద పెట్టాను. తల్లి వచ్చి తినిపిస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కిందికి దిగి మైకు వేసి "హరి ఓం" అన్నాను. ఆ మాట యార్డు దాకా పోయి గోడకు తగిలి తిరిగి వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు సంతోషమే కలిగింది.

సాయంత్రానికి చాట బోర్లా పడి ఉంది. లోపల ఏమీ లేదు. కాకి పనో, ఇంకేదో, నాకిప్పటికీ తెలియదు. పిచ్చుకలు రెండూ బూర చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. ఆ అరుపులకే మా భజన మండలి పెద్ద, ఇంకో నలుగురు తలలెత్తి చూశారు. డాబా కింద ఈకలు, గడ్డి పడి ఉన్నాయి.

"ఎవడు చేసిండురా ఈ పాపం? రేపు మాపు పఠనం పెట్టుకొని!" అన్నాడు పెద్ద.

"పిల్లి అయి ఉంటది," అన్నాను.

నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను.

అవ్వ అప్పుడే కార్ఖానా నుంచి వచ్చింది. తలపైకెత్తి బూర వైపు చూసింది. "పిల్లియా? గంత నున్నటి ఇనుప పైపు. గోరు గూడ ఆనదు. ఎట్ల ఎక్కుతది?"

"నీ పిల్లి పైపే ఎక్కుతదో, ఇమానమే ఎక్కుతదో మాకేం ఎరుక అవ్వా? పాస్‌పోర్ట్ తియ్యి, దుబాయ్ తోలిద్దాం," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. నన్ను చూసింది. "నువ్వు చెప్పు బిడ్డా. పైకెక్కి చూసినవ్ గద."

"పిల్లుల సంగతి నాకేం తెలుసు అవ్వా," అన్నాను. చేతిలోని గ్రంథం పేజీ తిప్పాను.

పిల్లిని చంపడం మహాపాపమని అందరికీ తెలుసు. అందుకని దూరంగా వదిలేయాలని నిర్ణయించారు. ప్రాజెక్టు నీళ్ల ఒడ్డునున్న మెండోర వైపు పోయే లారీ ఒకటి యార్డులో ఉంది. "అక్కడ చేపలు మస్తు. స్వర్గానికి తోలుతున్నం, ఫికర్ చేయకు," అని పెద్ద అవ్వను ఓదార్చాడు. సంచి మూతి కుట్టే పని నాకు పడింది. దుకాణంలో రోజూ చేసే పనే కదా. పిల్లి అవ్వ చేతిలోంచి సంచిలోకి ఏ గొడవా చేయకుండా దిగింది, ఆమె దించింది కాబట్టి. నేను దబ్బనంతో కుడుతుంటే ఆమె అన్నది ఒకటే మాట: "ఊపిరాడేటట్టు జర సందులు పెట్టు."

అదే దబ్బనంతో నాలుగు చోట్ల పొడిచి సందులు పెట్టాను. ఆ సాయం చేశానని ఆ పూట నాకు కొంచెం తృప్తి కూడా కలిగింది.

పఠనం బాగా జరిగింది. ప్రాణుల మీద దయ గురించి చెప్పిన రోజు కొందరు కళ్లు తుడుచుకున్నారు. యార్డులో హమాలీలు కూడా పని ఆపి విన్నారని చెప్పారు. అవ్వ రోజూ వసారా ఊడ్చింది, దీపాలు తుడిచింది, నాతో మాత్రం మాట్లాడలేదు. నాలుగో రోజు పఠనానికి, హారతికి మధ్య డాబా వైపు చూస్తే, ఆ జంట మళ్లీ అదే బూరలోకి పుల్లలు మోస్తోంది. పిల్లలు పోతే అవి కొన్నాళ్లకే కొత్త గుడ్లకు సిద్ధపడతాయి. వేసవిలో రెండు మూడుసార్లు పిల్లల్ని పొదగడం వాటికి మామూలే. అవ్వకు ఆ పిల్లి ఒక్కటే.

ఏడు రోజులు అయ్యాక మెండోర బస్సెక్కాను. చేపలు దించే చోటల్లా, హోటళ్ల వెనకాల తిరిగాను. పిల్లులు చాలా ఉన్నాయి. అవ్వ పిల్లిని నేనెన్నడూ సరిగ్గా చూసింది లేదు, ఏది ఆమెదో పోల్చుకోలేకపోయాను. వట్టి చేతులతో వచ్చి అవ్వ ముందు నిలబడి, గూడు తీసింది నేనేనని చెప్పాను.

"ఎరుకే," అంది బీడీ ఆకు కత్తిరిస్తూ. "బూర అంచుకు తీగ గీతలున్నయ్. పిల్లికి కొక్కెం ఎక్కడిది?"

"మరి అందరి ముందు ఎందుకు అనలేదు?"

"నువ్వంటవేమో అని చూసిన. ఏడు దినాలు మైకుల అన్నీ చెప్పినవ్ గద బిడ్డా, గదొక్కటి తప్ప."

ఆ తర్వాతి శనివారం భజనలో అందరికీ చెప్పాను. తర్వాత పెద్ద నా భుజం తట్టాడు. "పోనీలేరా. దేవుని పనికోసమే గద చేసినవ్. పశ్చాత్తాపపడ్డవ్, అయిపోయింది." ఎవరో నామం అందుకున్నారు. తాళాలు మోగాయి. నా గుండె తేలికైంది, నేనూ గొంతు కలిపాను. అవ్వ గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడే ఉంది. క్షమించాలో వద్దో ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పాట అయ్యాక చూస్తే ఆమె అక్కడ లేదు.

ఆ వారమే భీమ్‌గల్ బస్సెక్కి చెల్లెలి దగ్గరికి పోయిందని తర్వాత తెలిసింది. వెళ్లాలనుకున్నాను. పసుపు సీజన్ అన్నాను, తర్వాత మక్కల సీజన్ అన్నాను. తొంభైలలో ఒకరోజు భీమ్‌గల్ నుంచి వచ్చిన రైతు ఒకాయన, ఆమె పోయి రెండేళ్లయిందని మాటల మధ్యలో చెప్పాడు. నేను పురాణం చదవడం మానలేదు. ఇప్పటికీ చదువుతున్నాను. బాగా చదువుతానని ఇప్పటికీ అంటారు.

చదువుతున్న మీరు కూడా నాతో ఒక్కసారి చేతులు జోడించండి. నా కోసం కాదు, నాకు క్షమ అప్పుడే మరీ సులువుగా దొరికింది. అడగవలసిన మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి, మనలో మనమే మాఫీ చేసుకునే మనలాంటి వాళ్లందరి కోసం. స్వామీ, మేము నీ నామం అందుకోబోయే ముందు మమ్మల్ని ఒక్క క్షణం ఆపు. వెనక్కి తిరిగి, ఆ నిలబడ్డవాళ్ల మొహం చూసేటట్టు చెయ్యి.