ఆపా తినే విస్తరి

చర్ల రోడ్డులో, అడవి నుంచి వచ్చే అడ్డాకుతో విస్తర్లు తయారుచేసే షెడ్డుకు ఒకామె యజమాని. అందరం ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలిచేవాళ్లం. రోజూ మధ్యాహ్నం, ఆ పూట మిషన్ నుంచి వచ్చిన వాటిలో అన్నిటికన్నా చెడ్డ విస్తరిని ఆమె అడిగినట్టే పనివాళ్లు నవ్వుతూ ఆమె ముందు వేసేవారు. చారు ఒళ్లోకి కారుతున్నా అందులోనే తినేది. తిన్నాక లేచి, అది ఎందుకు పాడైందో చూసేది.

నేను సూపర్‌వైజర్‌గా చేరిన వానాకాలంలో, తడి ఆకు వాడి ఒక లోడంతా పాడుచేశాను. ఆ మధ్యాహ్నం ఏరి ఏరి మంచి విస్తరి వేశాను. ఆమె అన్నం పెట్టుకోలేదు.

"ఇంత మంచిది ఏసినవంటే, చెడ్డయి యాడ దాచినవ్?"

నేను మూలనున్న కట్టల వైపు చూశాను. ఆమె తిట్టలేదు. గోడకు ఆనుకుని, "నేనంటే గంత భయమా నీకు?" అంది. ఆ గొంతులోని అలసట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆకలితోనే ఇద్దరం కట్టలన్నీ విప్పి, మధ్యలో నేను దాచిన చెడ్డ విస్తర్లు ఏరాం.

ఇప్పుడు పాల్వంచలో నాకూ ఒక షెడ్డుంది. మధ్యాహ్నం చెడ్డ విస్తరి వెయ్యమని అడుగుతాను.

"ఇయ్యాల అన్నీ మంచిగనే వచ్చినయ్ సార్" అంటారు పనివాళ్లు.

రోజూ అదే మాట. చుక్క కూడా కారని ఆ విస్తరిలో అన్నం పెట్టుకోకుండా, ఆపాలా గోడకు ఆనుకుంటాను.