పాప తరఫున రాసిన వాక్యం

ఉదయం పదీ నలభైకి లాయరమ్మ మా స్టాంపు కాగితం చదవడం ముగించి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ప్రొద్దుటూరు కోర్టు దగ్గర చిన్న గది ఆమెది. చెల్లెలు కుర్చీలో కూర్చుంది. నన్ను రెండుసార్లు కూర్చోమన్నా కూర్చోలేకపోయాను.

"ఎవురప్పా ఇది రాసింది? రాత శానా బాగుండాది."

"నేనే మేడమ్."

"రాత తప్ప ఇంగేమీ బాగలేదు."

అంతకు నాలుగేళ్ల ముందు జమ్మలమడుగులో, మా పెద్దమామ ఇంట్లో చెల్లెలు మొగుడితో విడిపోయే పంచాయితీ జరిగింది. చెల్లెలి అత్తగారిది పులివెందుల, మాది ప్రొద్దుటూరు. ఇద్దరిదీ కాని ఊరైతే మేలని పెద్దలు అక్కడ కూర్చున్నారు. మా వైపు పంచాయితీల్లో కాగితం రాసే పని నాది. పుస్తకాలు చదువుతానని, మాట తూచి రాస్తానని పేరు. పెళ్లిలో మేం పెట్టిన నగలు, బీరువా తిరిగి ఇవ్వడానికి అత్తగారి వైపువాళ్లు ఒప్పుకున్నారు. పాప దగ్గరికి వచ్చేసరికి వాళ్ల పెద్దమనిషి ఒకాయన గొంతు పెంచాడు.

"పాప తల్లి కాడే ఉంటాది, సరే. పాప పేరు జెప్పి రేపు మావాని కాడ దుడ్లు అడగగూడదు. అడిగితే పాపను ఎత్తుకపోతాం. రాయప్పా."

చెల్లెలి వైపు చూశాను.

"రాయన్నా. పాప నా కాడుంటే సాలు," అంది.

బిడ్డ పోషణ నిమిత్తం ఇప్పుడుగానీ ఇకముందుగానీ ఎలాంటి సొమ్మూ కోరనని రాశాను. ఒక్క కొట్టివేత లేదు.

ఆ నాలుగేళ్లూ ఆమె పగలంతా బట్టల అంగట్లో నిలబడి చీరలు విప్పి చూపింది, ఇంటికొచ్చి జాకెట్లు కుట్టింది. బడులు తెరిచే నెలలో ఎవరితోనూ మాట్లాడేది కాదు. కేసు వేద్దామని నేనంటే, "కాగితం ఉండాది గదన్నా, పాపను తీస్కపోతారు" అనేది. కాగితం నేను రాసిందే కాబట్టి రెండోసారి అనేవాణ్ణి కాదు. ఫీజు కట్టకపోతే పాపను పరీక్షకు కూర్చోనివ్వమని బడివాళ్లు చెప్పాక లాయరమ్మ దగ్గరికి వచ్చాం.

"సూడుమ్మా," అంది లాయరమ్మ, చెల్లెలితో. "నీకు రావాల్సింది నువ్వు వద్దనుకుంటే అదొక మాట. పాపకు రావాల్సింది నీది గాదు, వదులుకునేదానికి. నాయన సంపాయిస్తాండాడు గదా, ఇయ్యల్ల. అడిగినందుకు పాపను లాక్కపోవచ్చని చట్టంలో యాడా లేదు."

అర్జీ వేశాం. ఇద్దరూ సంపాదన, ఖర్చు, ఆస్తి అఫిడవిట్‌లో చూపాలన్నారు. పులివెందులలో బోరుమోటార్లు బాగుచేసే అంగడి పాప నాన్నది. అఫిడవిట్‌లో మాత్రం ఆ అంగట్లో తాను కూలికి పోతున్నట్టు రాశాడు. ప్రతి వాయిదాకూ నేను వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉండేవాణ్ణి.

"కూచో అన్నా. నిన్ను సూస్తాంటే నాకు కాళ్లు నొస్తాండాయి," అనేది చెల్లెలు.

అవతలి లాయరు నా కాగితం చూపించాడు. జడ్జి దాన్ని పక్కన పెట్టి, అంగడి ఎవరి పేరు మీద ఉందని అడిగారు. అతని పేరు మీదే ఉంది.

పాప పోషణకు నెలనెలా తల్లి ఖాతాలో డబ్బు వేయాలని ఆర్డరు వచ్చింది. అర్జీ వేసిన తేదీ నుంచి.

"ముందర నాలుగేండ్లది?" అని లాయరమ్మను అడిగాను.

"అప్పుడు అడగలేదు గదప్పా."

చెల్లెలు నవ్వింది. "పోనీలే అన్నా. నీ రాత కోర్టులో అందరూ సూసినారు."

నిరుడు ఆమె పోయింది. గుండె జబ్బు చాలా ఏళ్లుగా ఉందని, ముందే చూపించుకోవాల్సిందని డాక్టరు అన్నాడు. కర్మకాండ అయ్యేదాకా నేను వీధి వాకిలి వైపే చూస్తూ ఉన్నాను, పులివెందుల నుంచి పాప కోసం వస్తారని. ఎవరూ రాలేదు. తర్వాత పాప నాన్నే ఫోను చేశాడు.

"పాప మీ కాడే ఉండనీ బావా. దుడ్లు ఏస్తాంటా."

ఆమె నాలుగేళ్లు భయపడింది ఈ మనిషికి.

పోయిన నెల మైదుకూరు నుంచి ఇద్దరు స్టాంపు కాగితం పట్టుకుని వచ్చారు. అందులో ఒకాయన కూతురు మూడేళ్ల కొడుకుతో పుట్టింటికి వచ్చేసిందట. "నువ్వయితే సక్కగ రాస్తావంట గదా మామా," అన్నాడు. లాయరమ్మ గది ఎక్కడో చెప్పి పంపాను. పంచాయితీ కాగితాలు నేనిప్పుడు రాయడం లేదు.