ఇమ్రాన్ చదివిన అరబీ కాగితం

కిషన్‌బాగ్‌లో మా పక్కింటి ఇమ్రాన్ గల్ఫ్‌లో కారు డ్రైవర్. ఈ రోజు మధ్యాహ్నం అక్కడి పోలీసు స్టేషన్ నుంచి నాకు ఫోన్ చేశాడు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న అతని కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దిందట. పోలీసులు అరబీలో వాంగ్మూలం రాసి, సంతకం చేయమంటున్నారట.

"చదువొస్తదా అని అడిగిండ్రు అన్నా. వస్తదన్న. గడగడ చదివి వినిపించిన గూడ."

"అర్థమైందా మరి?"

"ఏడ అర్థమైతది? చిన్నప్పుడు మసీదుల అరబీ చదువుడు నేర్పిండ్రు గంతే, అర్థం చెప్పలే."

నాకు ఒళ్లు మండింది. "తర్జుమా చేసేటాయనను అడుగుడు నీ హక్కు. ఆయన వచ్చేదాంక పెన్ను ముట్టకు. వాళ్లు ఎంత లొల్లి చేసినా సరే!" అన్నాను.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. మొండికేసి కూర్చుంటే చివరికి తర్జుమా చేసే ఆయన్ను పిలిపించారట. 'నేనే కారు వెనక్కి పోనిచ్చి గుద్దాను' అని ఉందట అందులో! దాన్ని మార్పించాకే సంతకం పెట్టాడు.

మీవాళ్లెవరైనా బయటి దేశంలో బండి నడుపుతుంటే ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. చెప్పామని ఇక్కడ రాయండి, చూస్తుంటాను. మా ఇమ్రాన్ తను చేయని నేరాన్ని, ఒక్క అక్షరం తప్పు పోకుండా, తన నోటితోనే చదివి వినిపించాడు మరి.