నల్లటి బాపు

అరవై ఏళ్లు దాటాక నా బిడ్డ రాజేశ్వరి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే దాని మూడేళ్లప్పటి సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

మావారు ఆదివారాలు కూడా మానకుండా నస్పూర్‌లో బొగ్గుబాయి పనికి తెల్లారకముందే వెళ్లి, చీకటి పడ్డాక ఒళ్లంతా మసితో వచ్చేవారు. నీళ్లు కాగి, ఆయన స్నానం చేసేసరికి పిల్ల నిద్రపోయేది.

ఒక ఆదివారం పని తొందరగా ముగిసింది. "జల్ది నడువుండ్రి, గోదారికి పోదాం" అంటూ ఆ మసితోనే పిల్లను భుజాలకెక్కించుకున్నారు. దారంతా అది కేరింతలే. ఒడ్డున నేను రొట్టెలకు పొయ్యి పెట్టాను. ఆయన నదిలో మునిగి, తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి పిల్లను ఎత్తుకున్నారు.

అది కెవ్వుమంది. "నువ్వు మా బాపువు గాదు! మా బాపు నల్లగుంటడు!"

జనం చుట్టుముట్టారు. ఒక ముసలాయన మావారి చేయి ఒడిసిపట్టి, "ఎవలి పిల్లనురా ఎత్తుకపోతున్నవ్?" అని గద్దించాడు. నేను పిండిచేతులతోనే ఉరికాను.

"అయ్యో, ఇడువుండ్రి! మా ఇంటాయననే!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పొయ్యి పక్కన చల్లారిన బొగ్గు తీసి చెంపలకు రాసుకున్నారు. రాజేశ్వరి వెంటనే ఆయన మెడను వాటేసుకుంది.

మర్నాడు తెల్లారకముందే, ఆయన పనికి బయల్దేరేముందు, నిద్రపోతున్న పిల్లను లేపి, దీపం వెలుగులో మసి అంటని ఆ మొహం చూపించి, ఆయన ఒడిలో కూర్చోబెట్టాను.