సోన్‌వడ్ మున్సిపాలిటీ మంచినీళ్ళు

సోన్‌వడ్ మున్సిపాలిటీ ప్రెసిడెంటు ఉజమ్‌బెన్‌కు ఒక్కటే పిచ్చి. ఆఫీసు గడప తొక్కినవాళ్ళు ఎవరైనా సరే, ముందు మంచినీళ్ళు తాగాలి. తాగేదాకా వచ్చినవాళ్ళు పని సంగతి ఎత్తకూడదు. తాగాక 'రేపు రా' అనే మాట గుమస్తాలు ఎత్తకూడదు.

సౌరాష్ట్రలో ఇంటికొచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చి ఆ వెంటనే వెళ్ళిపొమ్మనడం ఎక్కడైనా ఉందా, ఆఫీసు మాత్రం ఊరందరి ఇల్లు కాదా అన్నది ఆవిడ వాదన. పెద్దవాళ్ళు ఇల్లు నడిపిన పద్ధతిలోనే ఊరూ నడవాలి. గాంధీనగర్ నుంచి వచ్చే సర్క్యులర్లు ఆ తర్వాత.

ఈ వాదనకు మొదట బలైనవాడు హెడ్ క్లర్కు మన్హర్‌లాల్ త్రివేది. నిబంధనలన్నీ ఆయనకు కంఠోపాఠం. నిబంధన దొరకని పని ఎవరైనా తెస్తే ఒళ్ళు మండుతుంది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. చిక్కుపని పట్టుకుని ఎవరైనా గేటు దగ్గర కనిపించగానే ఆఫీసు నీళ్ళకుండను కడగడానికి పంపించేసేవాడు. నీళ్ళు లేవు గనక మర్యాదా లేదు, మర్యాద లేదు గనక పనీ లేదు. కొన్నాళ్ళు హాయిగా గడిచింది. ఒకరోజు ఉదయం వచ్చి చూస్తే కుండ ఆయన బల్లమీదే, ఫైళ్ళ మధ్య కొలువుదీరి ఉంది. ఆ వేసవంతా ఆయన ఫైళ్ళు కూడా తడుస్తూనే ఉన్నాయి.

మర్యాదను వాడుకోవాలని చూసినవాళ్ళూ లేకపోలేదు. ఒక కాంట్రాక్టరు వరసగా మూడు గ్లాసులు తాగి, తాను వేసిన కొత్తరోడ్డు బాగుందని సంతకం పెట్టమన్నాడు. ఉజమ్‌బెన్ సరేనని నిండు చెంబు అతని చేతిలో పెట్టి, ఆటోలో ఆ రోడ్డంతా తిప్పింది. చివరికి చేరేసరికి చెంబులో చుక్క లేదు.

"ఈ నీళ్ళు రోడ్డు తాగిందా, నీ చొక్కా తాగిందా?" అని మాత్రం అడిగింది. అతను రోడ్డు మళ్ళీ వేశాడు.

తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఇంజినీరు ఏడాదిపాటు మైకులో మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఉజమ్‌బెన్ తడి చెత్త డబ్బా మీద ఆవు బొమ్మ వేయించింది. మొదటి రొట్టె ఆవుకు తీసిపెట్టాకే భోజనానికి కూర్చునే ఊరు అది. ఆ డబ్బాలో బ్లేడు వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పక్క ఊళ్ళ అధికారులు చూడటానికి వస్తే, మన్హర్‌లాల్ ముందు నడుస్తూ 'మా పద్ధతి' అని చూపించాడు. ఆ 'మా'ను కాస్త సాగదీసి అన్నాడు కూడా.

ఆయనకు మింగుడుపడనిది గ్లాసు ఒక్కటే. ఆఫీసు మొత్తానికి ఒకే ఇత్తడి గ్లాసు. ఎవరికి ఇచ్చినా అందులోనే, అదీ ఎత్తిపోసుకోకుండా పెదవి ఆనించి తాగాలి. కాగితం గ్లాసులు కొందామని ఇంజినీరు అడిగితే, ఇత్తడికి ఏం రోగం, కడుక్కోండి అంది ఉజమ్‌బెన్. ఆవిడది ఉత్త పిసినారితనమని అందరూ తీర్మానించుకున్నారు. మన్హర్‌లాల్ ఇంటినుంచి మూత ఉన్న చెంబు తెచ్చుకునేవాడు.

చైత్రం ఎండల్లో వేస్తి అనే కూలీ ఆవిడ వచ్చింది. గిరిజనుల జిల్లా దాహోద్ నుంచి రోడ్డు పనికి వచ్చి, బస్టాండు గోడ వెనక గుడారాలు వేసుకున్న కుటుంబాల మనిషి. నీళ్ళకు రైల్వే స్టేషను దాకా పోతున్నారు. అక్కడా తరిమేస్తున్నారు. పిల్లలు జబ్బుపడుతున్నారు. ఒక్క కుళాయి కావాలి.

కుళాయికి ఇంటి నంబరు కావాలని మన్హర్‌లాల్‌కు తెలుసు. గుడారానికి నంబరు ఉండదనీ తెలుసు. ఇంతలో గ్లాసు వచ్చింది. వేస్తి దాన్ని ముట్టుకోలేదు. వెనక్కి జరిగి, వంగి, నోటి దగ్గర దోసిలి పట్టింది. పైనుంచి పోస్తే తాగడమే ఆమెకు అలవాటు.

మన్హర్‌లాల్ ప్రాణం లేచొచ్చింది. "గ్లాసు ముట్టుకోవడం లేదు బెన్. తాగనివాళ్ళ పని వినకూడదన్నది మీరు పెట్టిన నియమమే కదా."

ఉజమ్‌బెన్ లేచి వెళ్ళి ఆ దోసిలి విడదీసి, గ్లాసు చేతిలో పెట్టింది.

"నేను తాగితే మీ గ్లాసు..." అంది వేస్తి.

"ఏమవుతుంది? బరువు తగ్గుతుంది. తాగమ్మా."

వేస్తి సగం తాగింది. మిగిలిన సగం ఉజమ్‌బెన్ అదే అంచున పెదవి ఆనించి గటగటా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నీళ్ళు ముందివ్వాలని మా అత్తగారు నేర్పింది, మన్హర్‌భాయి. కొందరికి దోసిట్లో పొయ్యాలని కూడా ఆవిడే నేర్పింది. మొదటిది ఉంచుకున్నాను. రెండోది వదిలేశాను. ఇప్పుడు చెప్పు, ఈమెను రేపు రమ్మంటావా?"

మన్హర్‌లాల్ గ్లాసు వంక చూశాడు. కాగితం గ్లాసులుంటే ఎవరిది వాళ్ళదే. ఎవరిని దూరంగా నిలబెట్టారో ఎవరికీ తెలిసేది కాదు. ఇన్నేళ్ళు పిసినారితనం అనుకున్నది ఇదా అనిపించి, చెవులు వేడెక్కాయి. కుండలోంచి అదే గ్లాసుతో ముంచుకుని తాగాడు. ఇంటినుంచి తెచ్చిన చెంబు మూత ఆ రోజు తియ్యలేదు. తర్వాత చాలాసేపు నిబంధనలు మనసులోనే తిరగేసి, గొంతు సవరించుకున్నాడు.

"కుళాయికి నంబరు కావాలి బెన్. చలివేంద్రానికి అక్కర్లేదు. బాటసారుల కోసం మన స్థలంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దానికి ఎన్ని కుళాయిలుండాలో ఎక్కడా రాయలేదు."

"ఇన్నాళ్ళూ ఈ మాట ఏ బీరువాలో దాచావయ్యా?" అంది ఉజమ్‌బెన్.

పందిరి, తొట్టి, వరసగా కుళాయిలు అన్నీ గుడారాల పక్కనే వారంలో లేచాయి. వానలు పడే ముందు ఆడిట్ అధికారి వచ్చి, చలివేంద్రం చుట్టూ తిరిగి, ముఖం చిట్లించాడు. బాటసారుల కోసమని రాసుకున్నారు, ఈ గుడారాలవాళ్ళేమో దీపావళి నుంచి ఇక్కడే ఉంటున్నారట, ఇదేం ప్రయాణమని నిలదీశాడు.

ఉజమ్‌బెన్ నోరు తెరవబోయింది. అంతకంటే ముందే మన్హర్‌లాల్ చొక్కా సర్దుకుని, ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"దూరప్రయాణం సార్" అన్నాడు. "మధ్యలో ఆగి మన రోడ్లు వేస్తున్నారు."